సినిమా చూడమ్మా, నన్ను కాదు

"అమ్మా, నువ్వు మూవీ చూడట్లేదు, నన్ను చూస్తున్నావు. ఇట్స్ క్రీపీ." మా పెద్దది అన్న మాట ఇది, పద్నాలుగేళ్ళు దానికి. అని ఊరుకుందా అంటే లేదు, ఇక మీదట తెలుగు సినిమా అయితే తన రూంలో తన లాప్‌టాప్‌లో చూసుకుంటుందట, నా పక్కన సోఫాలో మాత్రం కూర్చోదట. అంటే సినిమాతో పేచీ లేదు, నాతోనే పేచీ. కోపం వచ్చింది నాకు, అది చెప్పింది నిజం కాబట్టి ఇంకొంచెం ఎక్కువ వచ్చింది.

ఇక్కడ అమెరికాలో మా ఇంట్లో శుక్రవారం రాత్రి తెలుగు సినిమా అని రూలు పెట్టింది నేనే. రిమోట్ నా చేతిలోనే ఉంటుంది. కామెడీ సీన్ రాబోతోందంటే ముందే పిల్లల వంక తిరిగిపోతాను, నవ్వుతారా లేదా అని. నవ్వకపోతే పాజ్ కొట్టి, అదేంటంటే నాన్నా అని మొదలుపెడతాను, జోకు విప్పి చెప్పాక ఎవరు నవ్వుతారు చెప్పండి, వాళ్ళూ నవ్వరు, నాకు ఉక్రోషం. మావారైతే క్రికెట్‌కి కూడా ఇంత కామెంటరీ ఉండదంటారు. ఆయన తీరు వేరు, దుప్పటి కప్పుకుని ఇరవై నిమిషాల్లో నిద్రపోతారు, పిల్లలకి ఆయన పక్కన సినిమా చూడటం భలే ఇష్టం.

మొదలుపెట్టింది మాయాబజార్‌తో, ఇంకెక్కడ మొదలుపెడతాం. బ్లాక్ అండ్ వైట్‌లోనే చూడాలి, మార్కస్ బార్ట్‌లీ తీసిన ఆ వెన్నెల రంగుల్లో ఏముంటుంది అని నేను అరగంట వాదించాను, వాళ్ళు 2010లో వచ్చిన కలర్ ప్రింటే కావాలన్నారు, కలర్‌లోనే చూశాం. బయట ఎవరైనా అడిగితే మాత్రం మా పిల్లలు బ్లాక్ అండ్ వైట్‌లో చూశారనే చెప్తున్నాను. చిన్నవాడికి ఘటోత్కచుడు ఒక్కడే నచ్చాడు, ఎస్వీ రంగారావు గారు లడ్డూలు గాల్లోకి ఎగరేసి మింగుతుంటే రెండుసార్లు వెనక్కి తిప్పించుకున్నాడు. పెద్దది మాత్రం, అప్పటికే రోషణి చోక్షి రాసిన అరూ షా పుస్తకాలు నమిలేసి ఉంది కదా, మొదట్నుంచీ ఒకటే గోల, అర్జునుడేడి, భీముడేడి అని. నేను వస్తారు వస్తారు అంటూనే ఉన్నాను. సినిమా అయిపోయింది. రాలేదు. లెక్కలేనన్నిసార్లు చూశాను ఈ సినిమా, అందులో పాండవులు ఒక్క ఫ్రేములో కూడా కనపడరన్న సంగతి నా బుర్రకి ఎప్పుడూ తట్టలేదు. "సొంత కొడుకు పెళ్ళికి అర్జున ఎందుకు రాలేదు, వీసా స్టాంపింగ్ దొరకలేదా?" అంది. నవ్వొచ్చింది, వెంటనే కొంచెం కలుక్కుమంది కూడా, ఎందుకంటే మా తమ్ముడి పెళ్ళి మేము నలుగురం ఇదే సోఫాలో కూర్చుని లైవ్ లింకులో చూశాం, స్టాంపింగ్ స్లాట్లు దొరక్కే.

ఆ ఊపులో, నా కాలేజీ రోజుల్లో నేను ప్రాణం పెట్టిన సినిమా ఒకటి పెట్టాను. పేరు చెప్పను, మీలో సగం మందికి అదే ఫేవరెట్ అయి ఉంటుంది. హీరో ఆ అమ్మాయి వెనక బస్టాపు నుంచి హాస్టల్ గేటు దాకా పడతాడు, ఆ పిల్ల వద్దంటుంది, పాట మొదలవుతుంది. "షీ సెడ్ నో. సాంగ్ ఎందుకు?" అంది మా పెద్దది. అప్పట్లో సినిమాలు అంతేలే అన్నాను. అప్పట్లో అంటే ఎప్పుడు, నువ్వు కాలేజీలో ఉన్నప్పుడా, నీ వెనక కూడా ఇలా వచ్చేవాళ్ళా, నువ్వేం చేసేదానివి అని వరసగా అడిగింది. వచ్చేవాళ్ళు. ఏం చేసేదాన్నంటే తల దించుకుని, ఆటో ఎక్కే డబ్బులుంటే ఆటో ఎక్కేదాన్ని. అంత తెలిసీ హాల్లో అదే హీరోకి ఈలలు వేసే గుంపులో నేనూ చప్పట్లు కొట్టాను. ఇదంతా దానికి చెప్పలేదు, పాప్‌కార్న్ తెస్తానని లేచిపోయాను.

ఇందులో తమాషా ఏంటంటే, ఇంగ్లీషు సీరియల్లో ముద్దు సీను వస్తే పది సెకన్లు ముందుకి దూకించేది కూడా నేనే. తెలుగులో హీరో హీరోయిన్‌ని లాగి చెంప మీద కొడితే నా వేలు ఆ బటన్ మీదకే పోదు. పిల్లలు చూస్తూనే ఉంటారు కదా, మనం ఏది దాటిస్తున్నాం, ఏది ఉంచుతున్నాం అని.

దీనికి ప్రతీకారమో ఏమో, ఓ ఆదివారం టర్నింగ్ రెడ్ చూద్దాం రా అని అదే పిలిచింది. 2022లో వచ్చిన పిక్సార్ బొమ్మ, 2002 నాటి టొరాంటోలో ఒక చైనీస్ ఇల్లు, పదమూడేళ్ళ పిల్ల, దాని తల్లి. పిల్ల రహస్యంగా వేసుకున్న బొమ్మలు పట్టుకుని ఆ తల్లి షాపుకి పోయి కౌంటర్లో ఉన్న కుర్రాడిని అందరి ముందూ నిలదీస్తుంది, అంతటితో ఆగక స్కూల్లో చెట్టు చాటున నిలబడి క్లాసులోకి తొంగిచూస్తుంది. ఆవిడ చేసేది చాలా వరకు సబబుగానే అనిపించింది నాకు. పక్కకి తిరిగి చూద్దును కదా, మా పెద్దది సినిమా వదిలేసి నా మొహం చూస్తోంది! ఒళ్ళు మండిందంటే మండింది. "ఇప్పుడు తెలిసిందా?" అంది. నేనలా చెట్టు చాటున ఎప్పుడూ నిలబడలేదే అన్నాను, కారులో కూర్చుంటావుగా అంది.

బలగం సంగతి మాత్రం కొంచెం తీరిగ్గా చెప్పాలి. 2023లో వచ్చినప్పుడు ఊళ్ళల్లో తెర కట్టి అందరూ కలిసి చూసి ఏడ్చారని పేపర్లో చదివి కూడా మేము చూడలేదు, ఈయన ఏదో వంక చెప్పి దాటేసేవారు. నాది తెనాలి, ఆయనది కరీంనగర్ పక్కన పల్లె. మొన్న చలికాలంలో చూశాం. నేను ఆదివారం తెలుగు క్లాసులో తల్లులందరికీ సబ్‌టైటిల్స్ తీసేయండి, పిల్లలకి చెవి తెరుచుకుంటుంది అని లెక్చర్లిచ్చే మనిషిని, ఇక్కడ ఆ తెలంగాణ యాసకి సబ్‌టైటిల్స్ పెట్టించుకుంది నేను. పిల్లలకి వాళ్ళ నానమ్మ మాట అలవాటే, నాకంటే వాళ్ళకే బాగా అందింది.

కథ మీకు తెలిసే ఉంటుంది, కొమురయ్య తాత పోతాడు, పిండం పెడితే కాకి ముట్టదు, మూడో రోజూ ముట్టదు, ఆ తర్వాతా ముట్టదు. కొడుకులకీ అల్లుడికీ మధ్య ఏళ్ళ తరబడి మాటల్లేవు, ఎందుకయ్యా అంటే ఎప్పుడో విందులో అల్లుడికి నల్లి బొక్క వెయ్యలేదని. మా చిన్నవాడికి ఎనిమిదేళ్ళు, వాడికి ఇది చాలా పెద్ద జోకు, ఒక బోన్ కోసమా అని పడి పడి నవ్వాడు. నేను కూడా నవ్వబోయి ఆగాను. మా పెద్దమావయ్య, చినమావయ్య పెళ్ళి కార్డులో ఒకరి పేరు ఇంకొకరి పేరు కింద వేశారని మొదలైన గొడవ, ఇప్పటికీ ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. అది పిల్లలకి చెప్పేశాను, నోరాగదు కదా. ఆల్ఫబెటికల్ ఆర్డర్‌లో వేసి ఉండొచ్చుగా అన్నాడు వాడు. ఇంత తేలికైన ఉపాయం మా వంశంలో ఎవరికీ తోచలేదు.

తర్వాత వాడే అడిగాడు, "డాడీ, మనం తాతకి పెట్టినప్పుడు క్రో రాలేదు కదా, గ్రాకిల్ వచ్చింది. అది కౌంట్ అవుతుందా?" డల్లాస్‌లో ఉండేవాళ్ళకి గ్రాకిల్ తెలుసు, సాయంత్రమైతే వాల్‌మార్ట్ పార్కింగ్ లాట్ నిండా అవే, నల్లగా నిగనిగలాడుతూ, తుప్పు పట్టిన గేటు తీసినట్టు అరుస్తాయి. మామయ్యగారి సంవత్సరీకానికి ఈయన వెనక ప్యాటియోలో ఫెన్స్ పక్కన పేపర్ ప్లేటులో మటన్, గారెలు, గుడాలు, స్టీలు గ్లాసులో ఆయనకి ఇష్టమైన మందు కొంచెం పెట్టి లోపలికొచ్చి అద్దం తలుపు వెనక నిలబడ్డారు. మొదట ఒక ఉడత వచ్చి గారె పట్టుకుపోయింది. ఆ తర్వాత గ్రాకిల్ దిగింది, మటన్ ముట్టింది. ఈయన ఏమీ అనకుండా స్నానానికి వెళ్ళారు. పెద్దాయన పోయినప్పుడు టికెట్ దొరికి, కనెక్షన్లు దాటి ఈయన ఊరు చేరేసరికి అక్కడ మూడో రోజు అయిపోయింది, పిట్టకి పెట్టేసి ఇళ్ళకి పోయారు అందరూ.

జన్మలో రిమోట్ ముట్టని మనిషి ఆ రాత్రి పాజ్ కొట్టారు. కౌంట్ అవుతుందిరా, అన్నారు. తాతకి మటన్ ఎలా ఉండాలో, ఉప్పు తక్కువైతే గిన్నె ఎట్లా పక్కకి నెట్టేవాడో, వరి కోతలప్పుడు పొలం గట్టు మీద కూర్చుని ఎవరెవరిని ఏమేం తిట్టేవాడో, ఆ తిట్లతో సహా చెప్పుకుంటూ పోయారు. పెద్దది తన రూంలోంచి సీరియల్ గిన్నె పట్టుకుని వచ్చి కిచెన్ కౌంటర్ దగ్గర నిలబడింది. నేను దాని వంక చూడలేదు. అంటే, చూశాను, మైక్రోవేవ్ తలుపులో కనపడుతుంది. సినిమా మళ్ళీ పెట్టాక చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు తంబూర మీటుతూ పాడే చోట ఈయన దుప్పటి మొహం మీదకి లాక్కున్నారు, చిన్నవాడు డాడీ నిద్రపోయాడనుకున్నాడు. నన్నెవరూ ఏమీ అడగలేదు ఆ రాత్రి, నేను చెప్పడానికి తయారుగా పెట్టుకున్న ముక్కలన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. కొంచెం కుళ్ళు కూడా వేసింది, నిజం చెప్తున్నా, ఇన్ని శుక్రవారాలు నేను కష్టపడితే ఆయన ఒక్క పాజ్‌తో కొట్టేశారు.

35 చిన్న కథ కాదు కూడా బాగుంది, తిరుపతి కథ, సున్నాకి విలువే లేనప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుంది అని అడిగి అడిగి లెక్కల మాస్టారితో తిట్లు తినే పిల్లాడు. మా వాడికి ఆ పిల్లాడు నచ్చాడు కానీ పాస్ మార్కు 35 అన్నది నమ్మలేదు, ఇక్కడ టెక్సాస్‌లో 70 రావాలి కదా. నివేదా థామస్ చాలా బాగా చేసింది, నేను ఆవిడ ఓపిక చూసి రెండు రోజులు పిల్లల మీద అరవలేదు, మూడో రోజు వాడి మ్యాథ్ వర్క్‌షీట్ దగ్గర మామూలే. 90's సిరీస్ నాకూ ఈయనకీ తెగ నచ్చింది, శివాజీ చేసిన ఆ తండ్రి అచ్చం మా నాన్న. పిల్లలు మాత్రం ఆ మార్కుల గొడవ, ఆ మూతి ముడుపులు చూసి, "ఇది హారరా?" అన్నారు.

పుస్తకాల ఊసు ఎక్కువ ఎత్తను. బుడుగు గట్టిగా చదివి వినిపించాను. బాపు బొమ్మలు చూసి వాడు మురిసిపోయాడు, కానీ ఒక్కో పేజీకి నేను ఆగి ప్రైవేటు మాస్టారంటే ఎవరు, జెళ్ళంటే ఏంటి అని చెప్పుకుంటూ పోతే ముళ్ళపూడి గారి వేగం ఏమైపోవాలి. ఇక్కడా నా పాజ్ బటన్ వదల్లేదన్నమాట. ఇప్పుడు ఆపకుండా చదివేస్తున్నాను, వాడికి సగం అర్థం కాదు, బుడుగు గొంతుకి నవ్వుతాడు. అర్థం కాకుండా నవ్వితే అది లెక్కలోకి వస్తుందా అని నాకొక అనుమానం, గ్రాకిల్ లాగే.

నాటు నాటుకి 2023లో ఆస్కార్ వచ్చినప్పుడు మా పెద్దది స్కూల్లో ఫ్రెండ్స్‌కి ఆ స్టెప్పు నేర్పింది, మొట్టమొదటిసారి తనంతట తను ఇది మా తెలుగు అని చెప్పుకుంది. ఉక్రెయిన్ నుంచి వచ్చిన క్లాస్‌మేట్ ఒకమ్మాయి, ఆ వెనకాల నీలం రంగు భవనం మా కీవ్‌లోది, మా ప్రెసిడెంట్ ప్యాలెస్ అని చెప్పిందట, ఇంటికొచ్చి నాకు పాఠం చెప్పింది. గర్వపడ్డాను. ఆ రాత్రే, హాలీవుడ్ వాళ్ళు ముద్ర వేస్తే గానీ దీనికి మన పాట నచ్చలేదా అని ఈయన దగ్గర సణిగాను కూడా. మరి నువ్వో, ఆ రోజు పొద్దున్నే వాట్సాప్ స్టేటస్ పెట్టలేదా అన్నారు. పెట్టాను, జెండా ఎమోజీతో.

మా అమ్మ తెనాలిలో మమ్మల్ని సినిమాకి తీసుకెళ్ళేది. పమిట కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది, విలన్‌ని పైకే శపించేది, ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగితే, ఓ మీరున్నారు కదూ అన్నట్టు చూసి పల్లీలకి డబ్బులిచ్చేది. నాకు అర్థమైందో లేదో ఎప్పుడూ అడగలేదు, నా వంక తిరిగిన గుర్తు కూడా లేదు. ఆవిడకి నాకేదో అందించాలన్న ధ్యాసే ఉండి ఉండదు, ఆ పని ఊరు చేసేది, రిక్షాలో లౌడ్‌స్పీకర్ చేసేది, పక్కింటి రేడియో చేసేది. ఇక్కడ ఆ పనులన్నీ నేనొక్కదాన్నే నెత్తిన వేసుకున్నానా, లేక ఎవరూ వెయ్యకుండానే నేనే లాక్కుని మోస్తున్నానా, ఇది మాత్రం తేలట్లేదు. తెలుగు క్లాసులో కొత్తగా వచ్చిన ఒకమ్మాయి, అక్కా మా పాపకి మూడేళ్ళు, ఏ సినిమాతో మొదలుపెట్టమంటారు అని అడిగింది. ఇదివరకైతే ఎక్సెల్ షీట్ పంపేదాన్ని. నీకేది చూడాలనిపిస్తే అది పెట్టుకుని చూడు, పాప వస్తే వస్తుంది అన్నాను. ఆ అమ్మాయి సమాధానం దొరకనట్టే చూసింది, నాకూ అది సమాధానంలా అనిపించలేదు, ఇంటికెళ్ళి ఆ షీట్ కూడా పంపించేశాను.

ప్రస్తుతానికి రూలు ఎత్తేశాను. ఎత్తేశానని అందరికీ చెప్పాను కానీ శుక్రవారం రాత్రి ఏడింటికి టీవీ ముందు నేనైతే ఉంటున్నాను. పెద్దది ఈ వారం స్లీపోవర్‌కి పోతోంది, చిన్నవాడు ఒక్కడే ఉంటాడు. వాడికి దయ్యాలు పనికిరావు, కుక్క చచ్చిపోకూడదు, పాటలు తక్కువుండాలి, ఫైట్లు ఉండాలి కానీ రక్తం వద్దు, స్కూలు ఉంటే మార్కులు ఉండకూడదు. ఇవన్నీ ఉన్న తెలుగు సినిమా ఏదైనా మీకు తోస్తే చెప్పండి. రెండు గంటల లోపు అయితే మరీ మంచిది, ఈయన మెలకువగా ఉంటారు.