గ్రాంటును పరీక్షించబోతే ఆఫీసు నన్ను పరీక్షించింది

రిపోర్టు ఇచ్చి వచ్చాను. కోపం ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా. వారం ఆగితే మర్యాదగా రాస్తానేమోనని భయం.

వ్యవసాయ పరిశోధనకు, పండిన పంటను ప్రాసెస్ చేసే పరిశోధనకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు ఒకటుంది. పథకం పేరు చెప్పను, చెబితే ఆఫీసు పేరు కూడా తెలిసిపోతుంది. మూడేళ్లు డబ్బిచ్చారు. దాంతో ఏం జరిగిందో బయటివాళ్లు చూసి చెప్పాలి. ఇదేమీ కొత్త పద్ధతి కాదు. 2007లో మొదలైన రాష్ట్రీయ కృషి వికాస్ యోజన మార్గదర్శకాల్లో కూడా ప్రాజెక్టుల్లో 25 శాతం థర్డ్ పార్టీ చేత పరిశీలించాలనే నియమం పెట్టారు. ఈసారి ఆ పని మా కాలేజీకి వచ్చింది. మా దగ్గర అగ్రికల్చరల్ ఎకనామిక్స్ చెప్పేది నేనొక్కదాన్నే, కాబట్టి టీమ్ లీడర్ని నేనే. తోడుగా పీజీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న మా స్టూడెంట్ ఒకబ్బాయి.

ఒప్పందం, అడ్వాన్సు, శాంపిల్ ఎంపిక ఇబ్బంది లేకుండా అయిపోయాయి. ప్రశ్నావళి మాత్రం పైనుంచి తయారై వచ్చింది. అందులో రైతును అడగాల్సిన మొదటి ప్రశ్న "గ్రాంటు పట్ల మీరు సంతృప్తిగా ఉన్నారా?" గ్రాంటు వచ్చింది పరిశోధనా కేంద్రానికి. రైతుకు దాని ఊసే తెలియదు. ఆ పేజీ పక్కన పెట్టి నా ప్రశ్నలు నేను రాసుకున్నాను. మీకు ఇలాంటి పని వస్తే మీరూ అదే చేయండి, ఎవరూ అడగరు.

ఊళ్లలో తిరగడం నాకు కష్టం అనిపించలేదు. మాది శెనక్కాయ పండించిన ఇల్లు. కదిరి పరిశోధనా కేంద్రం 2002లో కే-6 రకం విడుదల చేసేదాకా మా నాన్న టీఎంవీ-2 అనే పాత రకం తప్ప ఇంకోటి ముట్టలేదు. చేనుగట్టు మీద నిలబడితే ఏ రైతు నిజం చెబుతున్నాడో, ఏ రైతు నా మొహం చూసి నాకు కావాల్సింది చెబుతున్నాడో నాకు తెలుస్తుంది. ఇది గొప్పకు చెప్పుకోవడమే, చెప్పుకుంటాను.

ఒక ప్రాజెక్టు కొత్త శెనక్కాయ రకాన్ని రైతుల పొలాల్లో వేయించి చూడటం. కూడేరు వైపు కొన్ని ఊళ్లలో విత్తనం ఇచ్చారు. పోల్చడానికి అలా ఇవ్వని ఊళ్లు కావాలని బెళుగుప్ప వైపు వెళ్లాం. అక్కడ మొదటి చేనులోనే అదే రకం కనిపించింది.

"ఈ ఇత్తనం మీకు యాడిది?" అని అడిగాను.

"మా అల్లుడు తెచ్చినాడమ్మా. వాళ్ల ఊర్లో సెంటరోళ్లు ఇచ్చినారంట. బాగుందని మేమూ రెండు మూటలు పెట్టుకున్నాం."

రైతుకు అది లాభం. నా లెక్కకు మాత్రం చావుదెబ్బ. గ్రాంటు అందిన ఊరికీ అందని ఊరికీ దిగుబడిలో తేడా చూపించి, ఆ తేడా గ్రాంటు వల్లనే అని చెప్పాలి. విత్తనం అల్లుడి చేతిలో, చెల్లెలి కొడుకు బండి మీద మండలాలు దాటిపోతుంటే ఆ తేడా తగ్గిపోతుంది. అంటే పరిశోధన ఎంత బాగా పాకితే, పక్క ఊరితో పోల్చి చూసేవాడికి అది అంత తక్కువగా కనిపిస్తుంది. అందుకే ఊరి లెక్క మానేసి, ప్రతి రైతునూ విత్తనం ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అడిగి ఆ గొలుసు రాసుకున్నాం. రిపోర్టులో పనికొచ్చే పట్టిక అంటూ ఉంటే అదే.

ఇంకో చిక్కు కాలం. రెండు రకాల్ని సంకరం చేసిన రోజు నుంచి కొత్త రకం విడుదలయ్యేదాకా చాలా ఏళ్లు పడుతుంది. గ్రాంటు మూడేళ్లు. మూడో ఏడాది చివర వెళ్లి "ఫలితం ఎక్కడ?" అంటే ఏ సైంటిస్టయినా ఏం చూపిస్తాడు? 1958లో జ్వీ గ్రిలికెస్ అనే ఆర్థికవేత్త అమెరికాలో హైబ్రిడ్ మొక్కజొన్న పరిశోధన మీద పెట్టిన డబ్బుకు ఏటా కనీసం 700 శాతం ప్రతిఫలం వచ్చిందని లెక్క కట్టాడు. ఆయన చూసింది దశాబ్దాల లెక్క, అదీ బాగా గెలిచిన ఒక్క పరిశోధనది. ఈ సంఖ్యను స్లైడులో పెట్టుకుని తిరిగే పెద్దలు ఆ రెండో ముక్క చెప్పరు.

ఇక ఆ గ్రాంటు ఫైళ్లు ఉండే ఆఫీసు.

అనంతపురం, కర్నూలు, కడపల్లో ఏదో ఒకచోట అనుకోండి. మా ఒప్పందం ప్రకారం ప్రతి ప్రాజెక్టుకూ ముందు కంప్లీషన్ రిపోర్టు, అంటే ప్రాజెక్టు పూర్తయిందని చెప్పే నివేదిక తీసుకుని, అందులో రాసింది క్షేత్రంలో ఉందో లేదో చూడాలి. అడిగితే అక్కడి సూపరింటెండెంటు చెప్పిన మాట: "ఇవాల్యుయేషన్ అయినాక రాస్తామమ్మా. మీరేం తేలుస్తారో తెలీకుండా పూర్తయిందని మేమెట్ల రాస్తాం?"

పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు. ఒప్పందం తీసి ఆ క్లాజు చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఓపిగ్గా చదివి, కాగితం నాకు కాకుండా అబ్బాయికి ఇచ్చి, "బాబూ, నువ్వు చదువుకున్నోడివి, మేడంకు నువ్వు చెప్పు" అన్నాడు.

ఆ అబ్బాయికి ఎకనామిక్స్ చెప్పింది నేను.

అప్పటి నుంచి అదే వరస. ప్రశ్న నేను అడుగుతాను, జవాబు అబ్బాయి మొహం చూసి చెబుతారు. "టీమ్ లీడర్ సార్ ఎప్పుడొస్తారు?" అని అడిగారు. నేనేనన్నాను. నవ్వారు. ఒకరోజు లోపల ఏదో మాట్లాడాలని "మేడం, మీరు కాసేపు బయట కూర్చోండి, సార్‌తో మాట్లాడి పంపిస్తాం" అన్నారు. సార్ అంటే మా అబ్బాయి. వాడు కుర్చీలోంచి లేచి, "సార్, మేడమే లీడరు, నేను డేటా రాసేవాణ్ని" అన్నాడు. దానికి సూపరింటెండెంటు, "సరేలే బాబూ, సంతకాలకు మేడం, పనికి నువ్వు" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. పక్కన పెన్షన్ కాగితాల కోసం వచ్చిన పెద్దాయన "నీదేం పనమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

లెటరు విషయం వేరే పురాణం. మొదటి లెటరు ఆఫీసరు హోదాకు రాశాం. ఆ పోస్టు ఖాళీ, ఇన్‌ఛార్జి ఉన్నారు, ఇన్‌ఛార్జి పేరు మీద రాయమన్నారు. రాశాం. ఇన్‌ఛార్జి గారు "ఇది నా టైములో ఫైలు కాదు, నేను సంతకం పెట్టను" అన్నారు. ఇన్‌వార్డులో నంబరు వేయించుకుంటే, ఆ నంబరు లెటరు సెక్షన్‌కు చేరలేదు అన్నారు. సెక్షన్‌లో చూస్తే సర్క్యులేషన్‌లో ఉంది అన్నారు. సర్క్యులేషన్ అంటే ఎక్కడ అని అడిగితే ఎవరికీ తెలియదు. నిజంగా తెలియదు, దాచిపెట్టడం కాదు.

ఈ గొడవలో వాళ్లు గర్వంగా చూపించిన కాగితం ఒకటే, యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ). 2017 సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం 12-ఏ ఫారం. చక్కగా టైపు చేసి, సీలు వేసి ఉంది. "నూటికి నూరు శాతం ఖర్చయింది కదమ్మా, ఇంకేం చూడాలి మీరు?" అన్నారు. డబ్బు ఇచ్చిన పనికే ఖర్చయిందని ఆ కాగితం చెబుతుంది. ఆ పని జరిగిందా, జరిగి ఎవరికైనా ఉపయోగపడిందా అన్నది దాంట్లో ఉండదు. ఇంత చిన్న విషయం పరిపాలనలో తలపండిన వాళ్లకు చెప్పాల్సి రావడమే నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచింది.

నేను ఊరుకోకుండా బ్యాంకులో పడి ఉన్న గ్రాంటు మీద వచ్చిన వడ్డీ ఎంత, తిరిగి కట్టారా అని అడిగాను. అదే నియమాల్లో ఆ వడ్డీ ప్రభుత్వానికి జమ చేయాలని ఉంది. గదిలో గాలి మారిపోయింది. "మీరు ఆడిటా? విజిలెన్సా?" అన్నారు. ఆ రోజు నుంచి అబ్బాయికి కూడా కుర్చీ లేదు. ఒక సలహా: వడ్డీ ప్రశ్న చివరి రోజు అడగండి, అన్ని జిరాక్సులూ చేతికొచ్చాక.

చివరికి పని అయింది ఎలాగంటే, నేను వాదించడం మానేశాను. "కంప్లీషన్ రిపోర్టు ఇవాల్యుయేషన్ తర్వాతే ఇస్తామని మీ కార్యాలయం మౌఖికంగా తెలిపింది. ఇదే విషయం లిఖితపూర్వకంగా ధ్రువీకరించ ప్రార్థన" అని రెండు లైన్లు రాసి, రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంటుతో పంపి, మాకు పని అప్పగించిన శాఖకు కాపీ పెట్టాను. నోటితో ఎంత మాటైనా అంటారు, సంతకం పెట్టమంటే ఎవరూ పెట్టరు. కార్డు తిరిగొచ్చిన వెంటనే ఫోను కూడా వచ్చింది. "మేడం గారూ, రిపోర్టు ఎప్పుడో రెడీగా ఉంది, మీరే తీసుకెళ్లలేదు." మేడం గారూ! నాకు తెలిసిన ఆడవాళ్లు ఆఫీసు పని అంటే ఎవరో ఒక మగవాణ్ని తోడు తీసుకెళ్తారు, పని తొందరగా అవుతుందని. అవుతుంది కూడా, నేను చూశాను కదా. కానీ అలా ఒక్కొక్కరం తీసుకెళ్లబట్టే మనం వెళ్లినప్పుడు మన వెనక ఎవరున్నారా అని వాళ్లు తొంగి చూస్తున్నారు. మా అబ్బాయి చేతికి ఫైలు ఇవ్వడం నేనూ మానేశాను, సంచి మాత్రమే మోయించాను.

వాళ్లిచ్చిన ఆ కంప్లీషన్ రిపోర్టులో ఏమీ లేదు. అసలు విషయం దొరికింది పొలం దగ్గర. గ్రాంటు అందుకున్న పరిశోధనా కేంద్రంలో పని చేసే సైంటిస్టు ఒకామె గట్టు మీద కూర్చుని తన ఫీల్డు బుక్కు మొత్తం నా ముందు పెట్టింది. ఏ రోజు వాన పడింది, ఏ మడిలో ఎన్ని కాయలు, ఎక్కడ పురుగు తగిలింది, అంతా ఆమె చేతిరాతే. డబ్బు ఎప్పుడు వచ్చింది అని అడిగాను.

"మార్చిలో మేడం. ప్రతి ఏడూ మార్చిలోనే."

అక్కడితో అన్ని ముడులూ విడిపోయాయి. మన దగ్గర శెనక్కాయ వేసేది జూన్, జూలైల్లో, వాన చూసుకుని. మార్చి నెలాఖరుకు లెక్క మూసేయాలి. మార్చిలో వచ్చిన డబ్బుతో పంట వేయలేరు, కూలీలను పెట్టుకోలేరు, రైతుల పొలాల చుట్టూ తిరగలేరు. ఆ కొద్ది రోజుల్లో కొనగలిగింది యంత్రాలే. కాబట్టి యంత్రాలు కొన్నారు. కక్కలపల్లి మార్కెట్లో టమాటా ధర పడిపోయినప్పుడు ముక్కలు చేసి ఆరబెట్టే పద్ధతి కనుక్కోవాలని ఒక ప్రాజెక్టు ఉంది. దానికి కొన్న డ్రయ్యరు షెడ్డులో కొత్తగా ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. త్రీ ఫేజ్ కరెంటు కనెక్షన్‌కు డబ్బు వేరే హెడ్డులో, అంటే వేరే బడ్జెట్ పద్దులో చూపించాలి, ఆ హెడ్డులో డబ్బు లేదు, హెడ్డు మార్చడానికి అనుమతి రాలేదు. స్టాక్ రిజిస్టర్లో మాత్రం డ్రయ్యరు ఉంది, యూసీలో దాని ఖరీదు ఉంది, ఖర్చు నూరు శాతం. కాంట్రాక్టు మీద పెట్టుకున్న రీసెర్చ్ ఫెలో జీతం ఆగి మధ్యలో వెళ్లిపోయాడు. ఆ సైంటిస్టు కొత్త రకం పనిని ఇంకో పథకం డబ్బుతో, తన స్కూటీ పెట్రోలుతో నడిపింది. బెళుగుప్ప అల్లుడి దాకా వెళ్లిన విత్తనం ఆమె పెంచిందే. అంటే గ్రాంటు సాధించిందని కాగితం మీద చూపిన ఫలితంలో సగం గ్రాంటుది కానే కాదు.

రాస్తూ ఉంటే ఒకటి గుర్తొచ్చింది. అమెరికాలో 2008 వ్యవసాయ చట్టంతో ఆహార, వ్యవసాయ పరిశోధనకు ఏఎఫ్‌ఆర్‌ఐ అనే పెద్ద గ్రాంటు పథకం పెట్టారు. ఏటా 70 కోట్ల డాలర్ల దాకా ఇవ్వొచ్చని చట్టంలో రాశారు. 2014లో అక్కడి జాతీయ అకాడమీల కమిటీ దాన్ని పరిశీలించి, అనుకున్నంత డబ్బు ఇవ్వలేదని, పథకం అనవసరంగా చిక్కుగా తయారైందని, ఫలితాలు తేల్చడానికి సరైన డేటా లేదని చెప్పింది. అంత పెద్ద కమిటీకి కూడా డేటా దొరకలేదని చదివితే కొంచెం ఊరట. వాళ్లను మాత్రం ఎవరూ బెంచీ మీద కూర్చోబెట్టి ఉండరు.

సమీక్ష సమావేశం అరగంటలో అయిపోయింది. మార్చి గురించి రాసిన పేరా చూసి, "నిధుల విడుదలలో కొంత జాప్యం అని మార్చండి" అన్నారు. మార్చలేదు. ప్రతి ప్రాజెక్టుకూ డబ్బు వచ్చిన తేదీ పక్కనే ఆ ఏటి విత్తనం వేసిన తేదీ పెట్టి పట్టికగా ఇచ్చాను. పట్టికను మెత్తగా చేయమని ఎవరూ అడగలేరు. డబ్బు మే లోపల ఇవ్వాలని, యంత్రంతో పాటే దాని కరెంటుకూ మంజూరు ఇవ్వాలని, విత్తన గొలుసును అయిదేళ్ల తర్వాత మళ్లీ చూడాలని సిఫారసులు రాశాను. మొదటిదాని మీద ఎవరూ నోరెత్తలేదు.

మా రెండో విడత బిల్లు ఇంకా రాలేదు. అడిగితే బడ్జెట్ మార్చిలో వస్తుందట. అబ్బాయి డబ్బు మాత్రం నేనే ఇచ్చేశాను, వాడు బ్యాంకు పరీక్షకు ఫీజు కట్టుకోవాలి.