వాకర్ బడి మా ఇంటికి ఎంత దూరం

అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని మా ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఇల్లు చూడడానికి వచ్చే తెలుగు కుటుంబం పడక గదుల లెక్క తర్వాత అడుగుతుంది. మొదటి ప్రశ్న ఎప్పుడూ స్కూలే. ఏ డిస్ట్రిక్టు, రేటింగు ఎంత, పదికి తొమ్మిదా ఎనిమిదా? మేమూ అలాగే కొన్నాం. ఈ వీధికి మంచి పేరున్న బడి, నాలుగు మైళ్ళ అవతల అంతగా పేరు లేని బడి ఎలా వచ్చాయన్నది ఇల్లు చూపించే ఏజెంటు చెప్పడు, కొనేవాళ్ళు అడగరు.

చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. కాన్సస్ సిటీ చుట్టూ, మా జాన్సన్ కౌంటీలో కూడా, కాలనీలు వేసిన జె.సి. నికల్స్ అనే పెద్ద రియల్ ఎస్టేటు వ్యాపారి ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే తన ఇళ్ళ దస్తావేజుల్లో షరతులు రాయించాడు: నల్లజాతి వారు ఈ ఇంటికి యజమానులు కారాదు, ఇందులో కాపురం ఉండరాదు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. అప్పటికే ఎవరు ఎక్కడ ఉండాలో స్థిరపడిపోయింది. 2020లో కాన్సస్ సిటీ తన ప్రసిద్ధ ఫౌంటెన్ నుంచి అతని పేరు తీసేసింది. పేరు తీసేయడం తేలిక.

ఈ సంగతులు మా ఇంటికి మోసుకొచ్చింది మా అమ్మాయి. ఇక్కడ హైస్కూలు పిల్లలకు సేవా గంటలు కావాలి, కాలేజీ దరఖాస్తులో చూపించుకోవడానికి. తెలుగు పిల్లలు సాధారణంగా గుడిలో వడ్డనకో, ఫుడ్ బ్యాంకుకో వెళ్తారు. మా అమ్మాయి స్నేహితురాలి వెంట ఎన్ఏఏసీపీ స్థానిక శాఖ చర్చి హాల్లో నడిపే కాలేజీ దరఖాస్తుల సహాయ కార్యక్రమానికి వెళ్ళింది. నల్లజాతి వారి హక్కుల కోసం 1909లో పుట్టిన సంస్థ అది. సభ్యత్వానికి జాతి అడ్డం కాదు. అక్కడ ఫారాలు నింపడంలో సాయం చేస్తుండగా ఒక పెద్దావిడ మెరియం కథ చెప్పారట. మెరియం అంటే మాకు ఐకియా ఉన్న ఊరు, పుస్తకాల అలమరలు కొన్న చోటు. మా ఇంటి నుంచి కారులో పది నిమిషాలు.

1947లో ఆ మెరియం పక్కనే సౌత్ పార్క్‌లో కొత్త ప్రాథమిక పాఠశాల కట్టారు. అందుకు పన్నులు అందరూ కట్టారు. నల్లజాతి పిల్లలను మాత్రం పాత వాకర్ బడిలోనే ఉంచారు. రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఎనిమిది తరగతులు, మరుగుదొడ్డి బయట. అప్పటి కాన్సస్ చట్టం ప్రకారం పదిహేను వేల జనాభా దాటిన పట్టణాలే ప్రాథమిక బడులను జాతుల వారీగా విడదీయవచ్చు. సౌత్ పార్క్ అంత పెద్దది కాదు. అందుకని స్కూల్ బోర్డు జాతి పేరు ఎత్తకుండా ఏ ఇంటి పిల్లలు ఏ బడికి వెళ్ళాలో మ్యాపు మీద గీత గీసింది. ఆ గీత వంకర్లు తిరిగి సరిగ్గా నల్లజాతి ఇళ్ళ చుట్టూ పోయింది.

తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించారు. ఎస్తర్ బ్రౌన్ అనే యూదు గృహిణి వాళ్ళతో కలిసి ఎన్ఏఏసీపీ శాఖ పెట్టించడానికి, చందాలు పోగు చేయడానికి తిరిగింది. ఆమె ఇంటి ముందు శిలువ తగలబెట్టారు, భర్త ఉద్యోగం ఊడింది. వాకర్ బడి టీచరు కొరింథియన్ నటర్ బడి వదిలేసి, మానేసిన పిల్లలకు ఇళ్ళలో పాఠాలు చెప్పింది. నాకు ఈ కథలో అందరికన్నా ఆమే ఇష్టం. ఉద్యమం నడుస్తున్నంత కాలం ఎక్కాలు ఆగకూడదని పట్టుపట్టే మనిషి ఎవరో ఒకరు ఉండాలి కదా. టొపీకా నుంచి ఎలైషా స్కాట్ అనే న్యాయవాది వచ్చి వాదించాడు. 1949లో కాన్సస్ సుప్రీం కోర్టు తల్లిదండ్రుల పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ సెప్టెంబరులో పిల్లలు కొత్త బడిలో చేరారు. బడుల్లో జాతుల విభజన రాజ్యాంగ విరుద్ధమన్న, ప్రపంచమంతా చదువుకునే బ్రౌన్ కేసు తీర్పు 1954 మే 17న వచ్చింది. ఆ బ్రౌన్ వేరు, ఈ ఎస్తర్ బ్రౌన్ వేరు. టొపీకాలో ఆ కేసు నడిపిన న్యాయవాదుల్లో ఇద్దరు ఈ స్కాట్ కొడుకులు. టొపీకా కూడా మాకు గంట ప్రయాణమే.

కథంతా చెప్పి మా అమ్మాయి అడిగింది: "అమ్మా, మీ ఊళ్ళో కూడా ఇలా రెండు బడులు ఉండేవా?"

ఉండేవి. మాది ప్రకాశం జిల్లా. ఊళ్ళో ఒక ప్రాథమిక బడి, ఊరి చివర దళితుల పల్లెలో ఒకటి. ఏ చట్టంలోనూ అలా రాసి లేదు. మ్యాపు మీద గీత కూడా అక్కర్లేదు, కాలవ గట్టే గీత. ఆరో తరగతికి హైస్కూల్లో కలిసేవాళ్ళం, మంచినీళ్ళ దగ్గర మళ్ళీ విడిపోయేవాళ్ళం. 1985లో మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవ దళితుల హత్యల దాకా వెళ్ళిన కారంచేడు మాకు పెద్ద దూరం కాదు. అప్పుడు నేను చిన్నదాన్ని. ఇంట్లో పెద్దవాళ్ళు తలుపు వేసుకుని మాట్లాడుకోవడం మాత్రం గుర్తుంది.

ఇవన్నీ చెప్పాను. ఏ సందర్భంలో ఏ దేవుడికి ఏ నైవేద్యమో చెప్పడం కన్నా కష్టంగానే ఉంది. ప్రవాసంలో మనం పిల్లలకు అందించే సంస్కృతిలో కూచిపూడి ఉంటుంది, ఉగాది పచ్చడి ఉంటుంది, శతక పద్యాలు ఉంటాయి. వాటిలోనూ కులాన్ని ఎండగట్టిన పద్యాలు మన పోటీల జాబితాకు ఎక్కవు. ఊరి చివర పల్లె అసలే ఉండదు. అదీ మన వారసత్వమే అని పిల్ల ముందు ఒప్పుకున్నాక మాత్రం ఇక్కడి చరిత్ర ఆమెకు పరాయి పాఠంలా అనిపించడం మానేసింది. 1946లో అంబేడ్కర్, ఎన్ఏఏసీపీ స్థాపకుల్లో ఒకరైన డుబాయిస్‌కు ఉత్తరం రాసి అంటరానివారి స్థితికీ నల్లజాతి వారి స్థితికీ ఉన్న పోలికలను ప్రస్తావించిన సంగతి తర్వాత తనే వెతికి నాకు చూపించింది.

ఆ తర్వాత నేనూ శాఖ సమావేశాలకు వెళ్ళడం మొదలుపెట్టాను. ఊరేగింపులు, ఉపన్యాసాలు ఉంటాయనుకుంటారు. నేను చూసినంతలో ఎక్కువగా ఉండేది కాగితాల పని. ఏ బడిలో ఎందరు పిల్లలను సస్పెండ్ చేశారు, అందులో నల్లజాతి పిల్లలు ఎందరు, అడ్వాన్స్‌డ్ క్లాసుల్లో ఎందరున్నారు అని స్కూల్ డిస్ట్రిక్టు ఇచ్చిన అంకెలు తీసుకుని కూర్చుంటారు. మూడు నిమిషాల్లో స్కూల్ బోర్డు ముందు ఏం మాట్లాడాలో ఒకరికొకరు వినిపించి, వాచీ చూసి, కోపం ఎక్కువైన వాక్యాలు కొట్టేస్తారు. మిగిలిన వాక్యాలను బోర్డు సభ్యులు తేలిగ్గా తీసిపారేయలేరు.

మా తెలుగువాళ్ళకు అన్నిటికన్నా పనికొచ్చింది ప్రత్యేక విద్య గురించి వాళ్ళు పెట్టిన తరగతి. మనలో ఒక పిల్లవాడు అక్షరాలు కూడబలుక్కోలేకపోతే ముందు ట్యూషను, తర్వాత తిట్లు, ఆ తర్వాత మౌనం. నలుగురికీ తెలిస్తే ఎలా అన్న భయం. 1975 నాటి చట్టం ప్రకారం వైకల్యం ఉన్న పిల్లలకు తగిన చదువు ఉచితంగా అందించడం బడి బాధ్యత. పరీక్షించమని తల్లిదండ్రులే కోరవచ్చు. "నోటితో అడగకండి, రాసి ఇవ్వండి, తేదీ వేయండి" అన్నారు తరగతి చెప్పినావిడ. ఇంగ్లీషు సరిగా రాకపోతే సమావేశంలో దుబాసీని అడిగే హక్కు కూడా ఉందట. మా వీధిలోని ఒక తల్లి ఆ మాట పట్టుకుని వెళ్ళి రాసి ఇచ్చింది. బాబుకు ఇప్పుడు విడిగా చదువు చెప్పే టీచరు ఉంది. ఈ హక్కును సంపాదించిన వాళ్ళలో బ్రౌన్ తీర్పును ఆధారం చేసుకుని కోర్టులకెక్కిన తల్లిదండ్రులు ఉన్నారు.

శనివారం విందుల్లో నన్ను అడిగేవాళ్ళు ఉన్నారు: "మనకెందుకండీ అవన్నీ? గ్రీన్ కార్డు రాలేదు, ఓటు లేదు." ఓటు లేనివాళ్ళు కూడా బోర్డు ముందు మాట్లాడవచ్చు, ఆస్తి పన్ను కడుతున్నారు కదా. ఇంకా మొండికేస్తే 1965 గుర్తు చేస్తాను. అంతకు ముందు భారతదేశానికి వలస కోటా ఏడాదికి వంద మంది. దేశాల వారీ కోటాలను ఎత్తేసిన ఆ ఏడాది చట్టం, ఓటు హక్కు చట్టం వచ్చిన ఏడాదే, అదే ఉద్యమం వేడిలో వచ్చింది. 2017 ఫిబ్రవరిలో పక్కనే ఒలేథాలో, మా దేశం వదిలి పొమ్మంటూ ఒకడు మన హైదరాబాద్ ఇంజనీరును కాల్చి చంపాడు. శ్రీనివాస్ కూచిభొట్ల పేరు ఏ తెలుగువాడికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. తర్వాత కొన్ని నెలలు అందరూ హక్కుల గురించి మాట్లాడారు. మళ్ళీ రేటింగుల దగ్గరికి వచ్చారు.

అన్నిటిలోనూ ఆ శాఖవాళ్ళతో ఏకీభవిస్తానని కాదు. 2023లో కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోరాదని సుప్రీం కోర్టు చెప్పినప్పుడు వాళ్ళు బాధపడ్డారు, మా విందుల్లో మాత్రం మనవాళ్ళు మిఠాయిలు పంచినంత పని చేశారు. మా ఇంట్లో నాన్నా కూతుళ్ళు భోజనాల దగ్గర వాదించుకున్నారు. ఎవరూ గెలవలేదు. మా వారి మాటలో న్యాయం బొత్తిగా లేదని నేను అనలేను. కానీ రేటింగు చూసి ఇల్లు కొనగలిగిన మనిషి, గీతలు గీసిన ఊళ్ళో కూర్చుని, అందరిదీ ఒకే పరుగు పందెం అనడం నాకు మింగుడు పడదు.

మా వారు వాదన మానలేదు గాని, ఈ ఏడాది శాఖ పిల్లలకు సైన్సు ప్రాజెక్టుల్లో సాయం చేయడానికి వెళ్తున్నారు. నల్లజాతి హైస్కూలు పిల్లల కోసం ఎన్ఏఏసీపీ జరిపే యాక్ట్-సో అనే ప్రతిభా పోటీలు ఉన్నాయి. వెర్నన్ జారెట్ అనే షికాగో పాత్రికేయుడి ఆలోచన, 1978 నుంచి నడుస్తున్నాయి. మన స్పెల్లింగ్ బీ తల్లిదండ్రులు చూస్తే ఆ పట్టుదల వెంటనే గుర్తుపడతారు. తొమ్మిదో తరగతిలో ఉన్న మావాడికి ఆ పోటీలో పేరు ఇవ్వాలని ఉంది. ఎక్కడ పోటీ ఉంటే అక్కడ పేరు ఇవ్వడమే వాడికి తెలుసు. "ఇది నీ కోసం పెట్టింది కాదు నాన్నా, కావాలంటే కుర్చీలు వేయడానికి రా" అన్నాను. రెండు రోజులు అలిగాడు. తర్వాత వచ్చాడు. హాల్లో వరసలు వంకరగా ఉన్నాయని అందరి కుర్చీలూ తనే మళ్ళీ సర్దాడు, దీనికి సేవా గంటలు రాస్తారా అని మధ్యలో రెండుసార్లు అడిగాడు.