ముద్ర లేని టిక్కెట్టుతో ఓర్వియేతోకు

ఇప్పుడే రోమ్‌లో మా అబ్బాయి ఇంటికి తిరిగొచ్చి, కాళ్లు వేడినీళ్ల బకెట్టులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మోకాళ్ల నొప్పి రేపటికి తగ్గుతుంది. రైల్లో పోయిన పరువు సంగతే చెప్పలేను.

ముందుగా నా గురించి ఒక మాట చెప్పాలి. లేకపోతే ఈ కథలో ఉప్పు తగ్గుతుంది. నేను 32 ఏళ్లు రైల్వేలో బుకింగ్ క్లర్కుగా పనిచేశాను. కంప్యూటర్లు రాకముందు అట్టముక్క టిక్కెట్లు ఉండేవి కదా, వాటి మీద తేదీ గుద్దే ఇనుప యంత్రం నా కుడిచేతి పక్కనే ఉండేది. టిక్కెట్టు అందులో పెట్టి తోస్తే ‘టక్’మని శబ్దం వచ్చేది. అలా ఎన్ని లక్షల టిక్కెట్లు గుద్దానో లెక్కలేదు. తేదీ లేని టిక్కెట్టు ఒక్కటి కూడా నా కిటికీ దాటలేదు.

అటువంటి నన్ను, టిక్కెట్టు మీద ముద్ర లేదని ఇటలీలో జరిమానా కట్టించారు.

ఓర్వియేతో రోమ్‌కు ఉత్తరాన ఉంబ్రియా ప్రాంతంలో, అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి రాయైన గుట్ట మీద ఉన్న పాత ఊరు. ప్యాసింజరు రైల్లో గంటన్నర లోపే చేరతాం. మా అబ్బాయి ముందురోజు సాయంత్రమే స్టేషన్‌లో కాగితం టిక్కెట్లు కొని తెచ్చి, “అంతా చూసుకున్నాను నాన్నా, మీరు ఎక్కి కూర్చోవడమే” అన్నాడు. పిల్లలు ఈ మాట అన్నప్పుడే అనుమానించండి.

ఎక్కాం, కూర్చున్నాం. మా ఆవిడ పులిహోర డబ్బా మూత తీసింది. సరిగ్గా అప్పుడే టిక్కెట్లు చూసే ఉద్యోగిని వచ్చింది. మా కోడలి వయసు ఉంటుంది. దర్జాగా రెండు టిక్కెట్లూ ఇచ్చాను. అటు తిప్పింది, ఇటు తిప్పింది. “నాన్ తింబ్రాతో” అంది. నాకేం అర్థమవుతుంది? డబ్బు కట్టాం, టిక్కెట్టు ఉంది, రైలు సరైనదే. నవ్వుతూ తలూపాను. ఆమె నవ్వలేదు.

గాలిలో బొటనవేలితో గుద్దినట్టు చూపించింది. అప్పుడు కడుపులో కలుక్కుమంది. ఆ సైగ నాకు తెలియనిదా!

సంగతేమిటంటే, అక్కడి ప్యాసింజరు రైళ్ల కాగితం టిక్కెట్టు ఫలానా రైలుకని ఉండదు. ప్లాట్‌ఫారం మీద చిన్న పెట్టె ఉంటుంది. ఎక్కే ముందు టిక్కెట్టు అంచును అందులో దూర్చితే తేదీ, సమయం పడతాయి. ముద్ర లేకపోతే అదే కాగితం మళ్లీ వాడుకోవచ్చు. కాబట్టి ముద్ర లేనివాడు వాళ్ల లెక్కలో దొంగ. మన జనరల్ టిక్కెట్టుకు ఈ బెడద లేదు. కొన్న సమయం దాని మీదే ఉంటుంది, 199 కిలోమీటర్ల లోపు అయితే మూడు గంటల్లో రైలెక్కాలి, అంతే. మన పద్ధతే మేలని నేను ఎక్కడైనా వాదిస్తాను. కానీ రైల్లో వాదించడానికి నాకు భాష లేదు.

భాష లేక ఇంకో పిచ్చిపని చేశాను. పర్సులోంచి నా రిటైర్డ్ రైల్వే ఉద్యోగి గుర్తింపు కార్డు తీసి చూపించాను. ఎదుటి వరసలో పిల్లలు మెడలు చాచారు. ఆమె కార్డు చేతిలోకి తీసుకుని ఫోటో చూసి, నా ముఖం చూసి, “బ్రావో” అంది. కార్డు తిరిగిచ్చేసి రసీదు రాయడం మొదలుపెట్టింది.

మనిషికి యాభై యూరోల చొప్పున వంద, అంటే మన డబ్బులో పదివేల దాకా. పక్క సీటు ముసలావిడ మా తరఫున ఏదో గట్టిగానే మాట్లాడింది. ఆమె జాలి జరిమానా కంటే ఎక్కువ గుచ్చుకుంది. మా ఆవిడ చేతిసంచిలోంచి నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, పులిహోర డబ్బా మూత పెట్టేసి, “ఏమండీ, 32 ఏళ్లు మీరు అక్కడ చేసింది ఈ పనే కదా?” అంది. ఓర్వియేతో వచ్చేదాకా ఇద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు.

మీరు వెళితే, పెట్టె సంగతి మరిచి రైలెక్కేస్తే, దాక్కుని కూర్చోకండి. టిక్కెట్టు మీద పెన్నుతో తేదీ, సమయం రాసుకుని, మీరే ఎదురెళ్లి చెప్పండి. వాళ్లు మన దగ్గరికి వచ్చేదాకా ఆగితేనే దొంగలమట. ఇది మా అబ్బాయి జరిగిపోయాక ఫోనులో చెప్పిన జ్ఞానం.

స్టేషన్ కింద, ఊరు పైన. ఎదురుగానే తాడుతో లాగే రైలుపెట్టె ఎక్కితే రెండు మూడు నిమిషాల్లో పైకి చేరుస్తుంది. 1888లో మొదలైనప్పుడు నీటి బరువుతో నడిచేదట, 1990 నుంచి కరెంటుతో నడుస్తోంది. అక్కడ గేటు దగ్గర టిక్కెట్టు నేనే మూడుసార్లు సరిచూసుకున్నాను.

పైన దిగగానే దగ్గరలోనే సాన్ పత్రీత్సియో బావి. 1527లో సైన్యం రోమ్‌ను దోచుకున్నప్పుడు పోపు ఏడవ క్లెమెంట్ ఇక్కడికి వచ్చి తలదాచుకున్నాడు. ముట్టడి వస్తే గుట్ట మీద నీళ్లెలాగన్న భయంతో ఈ బావి తవ్వించాడు. 1537లో పూర్తయ్యేసరికి ఆయన పోయి మూడేళ్లయింది. లోతు 53 మీటర్లు. పెనవేసుకున్న జంటపాముల్లా రెండు మెట్ల దారులు, ఒక్కోదానికి 248 మెట్లు. ఒక దారిన దిగిన కంచరగాడిద నీళ్లు మోసుకుంటూ ఇంకో దారిన ఎక్కేది. రెండూ ఎక్కడా ఎదురుపడవు. గాడిదల కోసం కట్టినవి కాబట్టి మెట్లు వెడల్పుగా, తక్కువ ఎత్తులో ఉన్నాయి. అయినా నూట యాభై దాటాక గాడిద మీద గౌరవం పెరుగుతుంది. మధ్యలో ఒక కిటికీ దగ్గర ఆగి తొంగిచూస్తే, అవతలి కిటికీల్లో దిగేవాళ్ల తలలు కనిపించి మాయమవుతున్నాయి. రైల్లో కూడా ఇలాంటి ఏర్పాటుంటే, ఆ అమ్మాయి ఒక దారిన, నేను ఒక దారిన పోయేవాళ్లం.

ఆ ఊరి పెద్ద చర్చి గురించి రాయడానికి నాకు చదువు చాలదు. 1290లో మొదలుపెట్టారు. గోడలు తెలుపు, నలుపు రాళ్ల చారలతో నేత చీరలా ఉన్నాయి. ముఖద్వారం కుడివైపు చివరి స్తంభం మీద, తీర్పు దినాన పాపుల గతి చెక్కారు. దయ్యాలు వాళ్లను పీక్కుతింటున్నాయి. మా ఆవిడ నా భుజం తట్టి ఒకణ్ని చూపించి, “వీడి టిక్కెట్టు మీద కూడా ముద్ర లేదేమో” అంది. పొద్దుటి నుంచి అప్పుడే మొదటిసారి నవ్వింది. మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం.

తిరుగు ప్రయాణంలో టిక్కెట్టుకు ఒక అంచున ముద్ర గుద్దాను. తృప్తి తీరక రెండో అంచునా గుద్దాను. పక్కనే ఒక కుర్రజంట నేరుగా రైలెక్కబోతుంటే నా మనసు ఊరుకోలేదు. చేతులు అడ్డంపెట్టి ఆపి, పెట్టె దగ్గరికి తీసుకెళ్లి, గుద్దమని సైగ చేశాను. అర్థం కాలేదు. నా టిక్కెట్టు చూపించాను, మెడ కోసినట్టు కూడా అభినయించాను. ఆ పిల్ల కాస్త భయపడి, జేబులోంచి ఫోను తీసి చూపించింది. వాళ్లది ఫోను టిక్కెట్టు.

రోమ్ చేరేదాకా రెండు ముద్రల టిక్కెట్టును చేత్తో పట్టుకునే కూర్చున్నాను. ఒక్కరూ అడగడానికి రాలేదు.