నూరు మైక్రోలీటర్ల నీళ్ళు

అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి ఆరేళ్ళయింది. ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఒక ల్యాబ్‌లో పని. చేరిన రోజే మైక్రోపిపెట్ (చుక్కల్లో ఉండే ద్రవాన్ని కొలిచి పీల్చి పోసే పరికరం) చేతికిచ్చి, ఇరవై ట్యూబుల్లో నూరేసి మైక్రోలీటర్ల, అంటే మిల్లీలీటరులో పదో వంతు, బఫర్ ద్రావణం పోయమన్నారు. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ఫస్ట్ క్లాసులో పాసైనదాన్ని, బటన్ అడుగుదాకా నొక్కి, పిపెట్ చివర తొడిగే ప్లాస్టిక్ మొనను, అదే టిప్‌ను, బఫర్‌లో ముంచాను. పక్క బెంచీలో ఉన్న హిందూపురం అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అట్ల కాదు పాపా, పీల్చేటప్పుడు మొదటి స్టాప్ కాడ్నే ఆపాల. రెండోది చివరి చుక్క తోసేదానికి" అంది. ఆ రాత్రి పీజీలో నిద్ర పట్టలేదు. రెండేళ్ళు ఏం చదివినట్టు అనిపించింది.

కాలేజీలో మాకు పీసీఆర్ మిషను, అంటే డీఎన్ఏ ముక్కకు బోలెడు నకళ్ళు తీసేది, ఉండేది, గుడ్డ కప్పి. ఏడాదికోసారి సార్ చేసి చూపిస్తే ముప్పై మందిమి చుట్టూ నిలబడేవాళ్ళం. వెనకున్నవాళ్ళకు సార్ వీపే కనిపించేది. రికార్డులో మాత్రం సీనియర్ల రికార్డు చూసి అందరం ఒకేలాంటి బ్యాండ్లు, అంటే ఫలితంలో కనిపించే డీఎన్ఏ చారలు, గీశాం. సార్‌ని తప్పు పట్టలేను. పీసీఆర్‌కు వాడే ఎంజైమును మైనస్ 20 డిగ్రీల్లో ఉంచాలి, కరెంటు పోతే పాడవుతుంది. అంత ఖరీదైనదాన్ని నేర్చుకునే పిల్లల చేతికి ఎవరిస్తారు?

కానీ చెయ్యి తిరగడానికి ఎంజైము అక్కర్లేదు, నీళ్ళు చాలు. నూరు మైక్రోలీటర్ల నీళ్ళు దాదాపు నూరు మిల్లీగ్రాములు తూగుతాయి. కెమిస్ట్రీ వాళ్ళ దగ్గర గ్రాముల్లో నాలుగు దశాంశ స్థానాలు చూపే బ్యాలెన్స్ (త్రాసు) ఉంటుంది. పదిసార్లు పోసి పదిసార్లు తూస్తే ఎవరి తప్పు వాళ్ళకే అంకెల్లో కనిపిస్తుంది.

చిన్నప్పుడు సోడా మూతను చదును చేసి, రెండు బొక్కలు పెట్టి, దారం గుచ్చి గిర్రున తిప్పేవాళ్ళం కదా. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శాస్త్రవేత్త మను ప్రకాశ్ బృందం అదే సూత్రంతో కాగితపు సెంట్రిఫ్యూజ్ (వేగంగా తిప్పి ద్రవంలోని భాగాలను విడదీసే పరికరం) చేసి 2017లో ప్రకటించింది. నిమిషానికి 1,25,000 చుట్ల దాకా తిరుగుతుంది, ఖర్చు 20 సెంట్లు. రక్తం నుంచి ప్లాస్మా, అంటే కణాలు లేని ద్రవం, విడిపోవడం కళ్ళారా చూడొచ్చు. పెద్ద మిషన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే కాలేజీలు ముందు ఇలాంటివి పిల్లల చేతుల్లో పెట్టాలని నా గట్టి నమ్మకం.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు సొంత డబ్బుతో కొన్న రెండు పిపెట్లు, రెండు డబ్బాల టిప్పులు తీసుకెళ్ళాను. ఒక డిగ్రీ అమ్మాయికి మొదట 131 మిల్లీగ్రాములు వచ్చింది. నేను చేసిన తప్పే, అడుగుదాకా నొక్కి ఎక్కువ పీల్చింది. తర్వాత 84. టిప్‌లోకి గాలి బుడగ వెళ్ళింది. బటన్‌ను మెల్లగా వదలమన్నాను. 96, 98, మళ్ళీ 91. భోజనానికి పిలిచినా కదల్లేదు.

ఉగాదికి 20 మైక్రోలీటర్ల పిపెట్ తీసుకెళ్ళాలి. దాంతో రెండు మైక్రోలీటర్లు తీయడం ఇంకా కష్టం.