సెక్టర్ నంబరైనా బైట్ ఆఫ్‌సెట్టైనా కంపైలర్‌కి ఒకటే

లినక్స్ కెర్నల్లో బ్లాక్ లేయర్ (డిస్కులతో మాట్లాడే భాగం) కోడ్ చదవడం మొదలుపెట్టిన ఎవర్నైనా ముందు తికమక పెట్టేది సెక్టర్_టీ, అంటే డిస్క్‌లో ఎన్నో సెక్టరో (డిస్క్‌ని విడగొట్టిన చిన్న ముక్క) చెప్పే అంకెకి వాడే టైపు. డిస్క్ సెక్టర్ సైజు 4096 బైట్లు ఉన్నా సరే, కెర్నల్ లోపల ఈ అంకె మాత్రం ఎప్పుడూ 512 బైట్ల లెక్కలోనే ఉంటుంది. దానిమీద ఫైల్‌సిస్టమ్ బ్లాక్ నంబర్ ఉంటుంది, ఆపైన పేజ్ ఇండెక్స్ (ఫైల్లో ఎన్నో పేజీ, పేజీ అంటే మామూలుగా 4096 బైట్లు), ఆపైన ప్రోగ్రామ్ ఇచ్చే బైట్ ఆఫ్‌సెట్ (ఫైల్ మొదట్నుంచి ఎన్నో బైటు), దానికి వాడే టైపు ఎల్ఆఫ్_టీ. శేర్లూ మానికలూ కుంచాలూ ఒకే పద్దులో రాసేసి ఏది ఏదో చెప్పనట్టు ఉంటుంది వ్యవహారం, ఎందుకంటే సీ కంపైలర్‌కి ఇవన్నీ ఉత్త ఇంటిజర్లే (పూర్ణాంకాలే), ఒకదాని బదులు ఇంకోటి పెట్టినా కిక్కురుమనదు.

ఈ గోల ఇప్పటిది కాదు. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్లో, పీడీపీ-11 మీద ఇంటిజర్ 16 బిట్లే కాబట్టి సీక్ కాల్‌కి (ఫైల్లో చదివే చోటుని జరిపేది) 65,535 దాటిన ఆఫ్‌సెట్ ఇవ్వలేం, అందుకని మూడో ఆర్గ్యుమెంట్లో 0, 1, 2తో (మొదట్నుంచి, ఉన్న చోటునుంచి, చివర్నుంచి) పాటు 3, 4, 5 కూడా పెట్టారు, అవి ఇస్తే ఆఫ్‌సెట్‌ని 512తో గుణిస్తుంది. అంటే అదే పారామీటర్ ఒకసారి బైట్లు, ఇంకోసారి బ్లాకులు! 1979లో ఏడో ఎడిషన్లో 32 బిట్ల ఎల్‌సీక్ వచ్చి ఆ అతుకు పోయింది. కాకపోతే అది సైన్డ్, అంటే మైనస్ అంకెలు కూడా పట్టేది, వెనక్కి జరగాలంటే మైనస్ అంకె కావాలి, ఎర్రరొస్తే -1 ఇవ్వాలి, దాంతో 2 జీబీ దగ్గర ఆగిపోయింది. ఇప్పటి ఎల్ఆఫ్_టీ 64 బిట్లు, అదీ సైన్డే.

సెక్టర్ల వైపు గోడ 2 టీబీ, 32 బిట్లని 512తో గుణిస్తే వచ్చేది అదే, ఎంబీఆర్ అనే పాతరకం పార్టిషన్ టేబుల్ (డిస్క్‌ని భాగాలు చేసిన పట్టిక) ఆగేదీ అక్కడే. 32 బిట్ మెషీన్లలో సెక్టర్_టీ పెద్దది కావాలంటే కెర్నల్ బిల్డ్ చేసేప్పుడు ఒక ఆప్షన్ ఆన్ చేసుకోవాల్సొచ్చేది, 2019లో 5.2 వెర్షన్లో ఆ ఆప్షనే తీసేసి అందరికీ 64 బిట్లు చేశారు.

కానీ టైపు పెద్దది చేస్తే సరిపోదు, అసలు తంటా షిఫ్ట్ (బిట్లని పక్కకి జరపడం) దగ్గరుంది. 32 బిట్ మెషీన్లో పేజ్ ఇండెక్స్ అన్‌సైన్డ్ లాంగ్, దాన్ని 12 బిట్లు ఎడమకి జరిపి, అంటే 4096తో గుణించి, ఎల్ఆఫ్_టీ వేరియబుల్లో వేశామనుకోండి, జరపడం 32 బిట్లలోనే అయిపోతుంది, పై బిట్లు రాలిపోయాక 64 బిట్ల డబ్బాలో పెట్టి ఏం లాభం? 4 జీబీ దాకా అంతా బాగుంటుంది, ఆ తర్వాత లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు, అక్కడ రాయాల్సిన డేటా పోయి ఫైల్ మొదట్లో పడుతుంది, ఎర్రర్ కూడా రాదు. ముందు కాస్ట్ చెయ్యాలి (64 బిట్ల టైపులోకి మార్చాలి), తర్వాతే షిఫ్ట్, పేజ్_ఆఫ్‌సెట్ అనే హెల్పర్ లోపల చేసేది ఇదే. 64 బిట్ మెషీన్లో ఎంత టెస్ట్ చేసినా ఈ బగ్ కనపడదు.

యూజర్ ఐడీలకి కెర్నల్ వాళ్లు కేయూఐడీ_టీ అని స్ట్రక్ట్ (కంపైలర్ వేరే టైపుగా చూసే పెట్టె) చుట్టి మిగతా అంకెల్తో కలవకుండా కట్టడి చేశారు, సెక్టర్లకి మాత్రం చెయ్యలేదు. ప్రతి లైన్లో కూడికలూ షిఫ్టులూ ఉండే చోట స్ట్రక్ట్ చుడితే కోడ్ చదవలేం కూడా, అది ఒప్పుకుంటా. నేనైతే వేరియబుల్ పేరు చివర బైట్సో సెక్టర్సో తగిలిస్తా, చూడ్డానికి వికారంగా ఉన్నా రివ్యూ చేసేవాడికి కళ్లకి కనిపిస్తుంది.