12700కే ఓవర్‌క్లాక్: లిక్విడ్ కూలర్ ఎంపిక నుంచి బిగింపు దాకా

ప్రస్తుత పరిస్థితి ఇది. ఇంటెల్ ప్రాసెసర్ కోర్ ఐ7-12700కేని ఓవర్‌క్లాక్ చేశాను, అంటే మామూలు వేగం కన్నా ఎక్కువలో నడుపుతున్నాను. పీ-కోర్‌లు (వేగవంతమైన పెద్ద కోర్‌లు) ఎనిమిదీ 5.1 గిగాహెర్ట్జ్‌లో, లోడ్‌లో వోల్టేజ్ 1.30. కేబినెట్ పైకప్పుకి లిక్విడ్ కూలర్ 360 ఎంఎం రేడియేటర్ (పంప్ పంపే ద్రవంలోని వేడిని ఫ్యాన్‌లతో గాలిలోకి వదిలే భాగం). ప్రాసెసర్‌ని నిండు లోడ్‌లో పరీక్షించే సినీబెంచ్ ఆర్23 అరగంట నడిపినా క్లాక్ (కోర్‌ల వేగం) దిగడం లేదు. ఏ లెక్కన ఈ కూలర్ దగ్గర ఆగానో రాసి పెడుతున్నాను, ఇదే దారిలో ఉన్నవాళ్లకి పనికొస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది వేడి ఎంత అన్నది. ఈ ప్రాసెసర్‌కి ఇంటెల్ చెప్పే గరిష్ఠ టర్బో పవర్ 190 వాట్లు. కోర్‌లన్నీ పనిలో ఉంటే పీ-కోర్‌లు 4.7 దగ్గర నడుస్తాయి, నా చిప్‌కి అప్పుడు 1.20 వోల్టులు సరిపోయేవి. క్లాక్ ఎంత పెంచితే పవర్ అంత పెరుగుతుంది, కానీ వోల్టేజ్ విషయంలో పెరుగుదల వర్గం లెక్కన ఉంటుంది. 5.1ని 4.7తో భాగిస్తే 1.085. 1.30ని 1.20తో భాగించి వర్గం చేస్తే 1.17. రెండూ గుణిస్తే 1.27. అంటే వేగం పెరిగింది ఎనిమిదిన్నర శాతం, వేడి పెరిగింది పాతిక శాతానికి పైనే! స్టాక్‌లో, అంటే ఓవర్‌క్లాక్ చేయకముందు, 185 వాట్లు తీసుకునే సినీబెంచ్ లోడ్, ఓవర్‌క్లాక్ తర్వాత సెన్సర్ రీడింగులు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో 235 చూపించింది. లెక్క సరిపోయింది.

పాత డ్యుయల్ టవర్ ఎయిర్ కూలర్ 185 వాట్లని ఏ ఇబ్బందీ లేకుండా మోసేది. 235 దగ్గర కోర్‌లు 100 డిగ్రీలు తాకి, ప్రాసెసర్ తనంతట తానే క్లాక్ దించుకుంది. గేములే మీ పని అయితే లోడ్ ఇందులో సగం కూడా ఉండదు, మంచి ఎయిర్ కూలర్ ఉంచుకోండి. నాది వీడియో రెండరింగ్, కోర్‌లన్నీ గంటల తరబడి నిండుగా నడుస్తాయి.

సైజు దగ్గర

ఫ్యాన్‌ల సంఖ్య చూసి నిర్ణయించుకోకూడదు, విస్తీర్ణం చూడాలి. 240 రేడియేటర్‌కి 288 చదరపు సెంటీమీటర్లు, 280కి 392, 360కి 432. రెండు పెద్ద ఫ్యాన్‌ల 280, మూడు చిన్న ఫ్యాన్‌ల 360కి పదో వంతు మాత్రమే తక్కువ. కేబినెట్‌లో పడితే 280 చాలా మంచి ఎంపిక. నా దాంట్లో పడలేదు.

కేబినెట్ వివరాల్లో '360 సపోర్ట్' అని ఉంటే అది పొడవు గురించి. మందం ఎవరికి వారు కొలుచుకోవాల్సిందే. పైకప్పు నుంచి ర్యామ్ కొన దాకా స్టీలు స్కేలు పెట్టి చూస్తే 57 ఎంఎం వచ్చింది. మామూలు రేడియేటర్ 27, ఫ్యాన్ 25, మొత్తం 52, పడుతుంది. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 2 మీద నాకు బాగా మనసుండేది, కానీ దాని రేడియేటరే 38 ఎంఎం, ఫ్యాన్‌తో కలిపి 63. కాబట్టి 27 ఎంఎం 360, అందులోనూ లోపలి ద్రవం ఉష్ణోగ్రత చూపించే సెన్సర్ ఉన్నది తీసుకున్నాను. పంప్ మీద స్క్రీన్ ఉందా, లైట్లు ఉన్నాయా అని ఒక్కసారి కూడా చూడలేదు. సెన్సర్ మాత్రం తప్పనిసరి అనుకున్నాను, ఎందుకో కింద తెలుస్తుంది.

రేడియేటర్‌ని పైన పెట్టడానికి కారణం గాలి బుడగలు. సీలు చేసిన కూలర్‌లో కూడా కొంచెం గాలి ఉంటుంది, అది లూప్‌లో (ద్రవం తిరిగే దారిలో) ఎత్తైన చోటికి చేరుతుంది. ఆ ఎత్తైన చోటు పంప్ కాకూడదు. ముందు భాగంలో బిగించేవాళ్లు ట్యూబులు కిందికి వచ్చేలా పెట్టుకుని, రేడియేటర్ పై అంచు పంప్ కన్నా ఎత్తులో ఉందో లేదో చూసుకోండి.

రెండు తేడాలు

లిక్విడ్ కూలర్‌కి పది నిమిషాల టెస్ట్ చాలదు. ద్రవం నెమ్మదిగా వేడెక్కుతుంది, మొదట్లో కనిపించే చల్లదనాన్ని నమ్మకూడదు. నా దాంట్లో ఇరవై నిమిషాల తర్వాత గానీ స్థిరపడలేదు. అప్పుడు గది 28, ద్రవం 39, అన్నిటికన్నా వేడి కోర్ 87. గదికీ ద్రవానికీ తేడా 11, ద్రవానికీ కోర్‌కీ తేడా 48. రేడియేటర్ పెంచినా, ఫ్యాన్‌లు మార్చినా తగ్గేది ఆ 11లోనే. 420 పెట్టినా మహా అయితే రెండు మూడు డిగ్రీలు. అసలు వేడి ఇరుక్కుంటున్నది చిప్ నుంచి కోల్డ్ ప్లేట్ (ప్రాసెసర్ మీద ఆనే పంప్ అడుగు లోహపు పలక) దాకా ఉన్న దారిలో. సెన్సర్ లేకపోతే ఈ సంగతి తెలిసేదే కాదు.

అందుకే దృష్టి సాకెట్ వైపు మళ్లించాను. ఈ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఎల్‌జీఏ1700లో బిగింపు ప్రాసెసర్‌ని పొడవాటి అంచుల మధ్యలో నొక్కుతుంది, దాంతో పై లోహపు మూత కాస్త వంగుతుంది. పంప్ తీసి చూస్తే థర్మల్ పేస్ట్ (మూతకీ కోల్డ్ ప్లేట్‌కీ మధ్య పూసేది) ముద్ర రెండు చివర్లా పలచగా, నడుమ మందంగా ఉంది. ఆ బిగింపు తీసేసి దాని బదులు సమానంగా నొక్కే కాంటాక్ట్ ఫ్రేమ్ వేశాక ముద్ర అంతటా ఒకేలా పడింది, 48 కాస్తా 44 అయింది. దీన్ని బిగించేటప్పుడు నాలుగు స్క్రూలూ మూల నుంచి ఎదురు మూలకి, కొంచెం కొంచెంగా తిప్పాలి. మరీ బిగిస్తే ర్యామ్ ఒక ఛానల్ కనిపించకుండా పోవచ్చు. వారంటీ షరతులు ముందే చదువుకోవడం మంచిది, ఎందుకంటే సాకెట్‌తో వచ్చిన బిగింపునే తీసేస్తున్నాం.

ఫ్యాన్‌లని ప్రాసెసర్ ఉష్ణోగ్రతకి కాకుండా ద్రవం ఉష్ణోగ్రతకి కట్టాను. బ్రౌజర్ తెరిస్తేనే కోర్ క్షణంలో ఇరవై డిగ్రీలు ఎగురుతుంది, ఫ్యాన్‌లు ఉలిక్కిపడి మోగుతాయి. ద్రవం అలా ఎగరదు. 32 డిగ్రీల దాకా 700 ఆర్‌పీఎం, 40 దగ్గర 1300, మధ్యలో సూటి గీత. పంప్ ఎప్పుడూ ఫుల్ స్పీడే. రాత్రిపూట రెండరింగ్ పెట్టి అదే గదిలో పడుకోగలుగుతున్నాను.

ఇప్పుడు క్లాక్‌ని 5.1 దగ్గరే ఉంచి వోల్టేజ్‌ని 1.275కి దించి చూస్తున్నాను. లెక్క ప్రకారం తొమ్మిది వాట్లు తగ్గాలి. సినీబెంచ్ దాటింది, మరో లోడ్ పరీక్ష ప్రైమ్95 ఇంకా నడుస్తోంది. అది నిలబడితే పవర్ లిమిట్ 240 దగ్గర కట్టేసి ఈ-కోర్‌ల (తక్కువ పవర్‌తో నడిచే చిన్న కోర్‌ల) పని పడతాను.