ముందు సీటు, తర్వాతే చేతులు: నా ట్రయథ్లాన్ సైకిల్ కుదిరిన తీరు

ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు వరసగా సాగే పోటీ. దానికోసం చేసిన సైకిల్ ఎక్కిన వాళ్లందరి కళ్లూ ముందుభాగం మీదే ఉంటాయి. చేతులు ఎంత కిందికి దిగాయి, వీపు ఎంత చదునుగా వచ్చింది, ఫొటోలో ఎలా పడ్డాం అని. నా అనుభవంలో ఆ భాగం ఆఖర్న చూసుకోవాల్సింది. వెనక కూర్చోవడం కుదరనిదే ముందు ఏం చేసినా నిలవదు. మా క్లబ్బులో కొత్తగా ఇలాంటి సైకిల్ కొన్నవాళ్లు అడుగుతున్నారని, గుర్తున్నంత వరకు వరసగా రాస్తున్నాను.

మాది విశాఖపట్నం. నా ఎత్తు 158 సెంటీమీటర్లు, వయసు నలభై దాటింది. భీమిలి రోడ్డు మీద మామూలు రోడ్ సైకిల్ ఏళ్లుగా తొక్కుతున్నాను. గోవాలో జరిగే ట్రయథ్లాన్ పోటీ హాఫ్ ఐరన్‌మ్యాన్‌కి పేరిచ్చాక, బెంగళూరులో ఒకాయన అమ్మకానికి పెట్టిన ట్రయథ్లాన్ సైకిల్ కొన్నాను. పాతదే కానీ నా కొలతకు సరిపోయే ఫ్రేము. కొనేముందు రంగూ బరువూ కాదు, ఫ్రేము స్టాక్ (ముందుభాగం ఎత్తు), రీచ్ (ముందుకు ఉన్న పొడవు) అంకెలు తెప్పించుకుని చూశాను. పొట్టివాళ్లకు ఇది తప్పదు. ఫ్రేము ముందుభాగమే మనకు మించి ఎత్తుగానో పొడుగ్గానో ఉంటే తర్వాత మధ్యలో పెట్టే ఏ స్పేసరు బిళ్లా కాపాడదు.

ఇంత హైరానా ఎందుకంటే, పోటీలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, ఆ తర్వాత 21.1 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. సైకిల్ మీద ముందువాళ్ల వెనక నక్కి గాలి తప్పించుకోవడానికి వీల్లేదు, 12 మీటర్లు ఎడం పాటించాలి. అంటే గాలినంతా మనమే చీల్చాలి. వేగం రెట్టింపు కావాలంటే గాలిని తోయడానికి ఎనిమిది రెట్ల శక్తి పెట్టాలి. ఆ గాలికి అడ్డుపడేది కూడా ఎక్కువగా సైకిల్ కాదు, మన ఒళ్లే. 1989 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు ఆఖరి రోజున వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్లు గ్రెగ్ లెమాండ్ హ్యాండిల్ నుంచి ముందుకు సాగే ఏరోబార్ల మీద ముంజేతులు ఆనించి తొక్కి, మొత్తం టూర్‌ని 8 సెకన్ల తేడాతో లోరాఁ ఫిన్యోఁ నుంచి లాక్కుపోయాడు. ఆ బార్లు అంతకుముందే ట్రయథ్లాన్ వాళ్ల సైకిళ్లకు ఎక్కాయి. అయితే రోడ్ సైకిల్‌కి బార్లు తగిలించి ఊరుకుంటే పొట్ట నొక్కుకుపోతుంది, మోకాళ్లు ఛాతీని తాకుతాయి. డాన్ ఎంఫీల్డ్ క్వింటానా రూ అనే కంపెనీ పేరుతో 1980ల చివర్లో ట్రయథ్లాన్ కోసమే సైకిల్ చేసి, సీటును బాగా ముందుకు జరిపింది అందుకే.

ఈ ముందుకు జరపడం అర్థమైతే మిగతాదంతా సులువు. రోడ్ సైకిల్ మీద కూర్చున్న మనిషి ఫొటోకి, పెడళ్లు తిరిగే ఇరుసు దగ్గర గుండుసూది గుచ్చి, ఫొటో మొత్తాన్నీ ముందుకు తిప్పినట్టు ఊహించుకోండి. తుంటికీ తొడకీ మధ్య కోణం మారదు, మనిషి మాత్రం ముందుకు వాలతాడు. రోడ్ సైకిల్లో సీటు గొట్టం వాలు 73 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే, వీటిలో 78 డిగ్రీలు, ఆపైన కూడా ఉంటుంది.

ఇక సీటు సంగతి. ఎక్కువ వారాలు దీనికే పట్టింది, కాబట్టి రాత కూడా దీని గురించే ఎక్కువ.

నిటారుగా కూర్చుంటే బరువు పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీద పడుతుంది. ముంజేతుల మీదికి వంగేసరికి కటి ముందుకు ఒరుగుతుంది, ఆ ఎముకలు సీటు మీంచి లేస్తాయి, బరువంతా ముందున్న మెత్తటి భాగం మీదికి వస్తుంది. మగవాళ్లకైతే తిమ్మిరి. ఆడవాళ్లకు వాపు, ఒరుపు, పుండ్లు. క్లబ్బులో వాట్సు గురించి, టైర్ల గాలి గురించి గంటలు మాట్లాడేవాళ్లు కూడా ఈ మాట వచ్చేసరికి చూపు తిప్పుకుంటారు. "అలవాటైపోతుంది లెండి మేడమ్" అన్నారు ఒక షాపులో. అలవాటు కాదు. ఇంకో సలహా జెల్ కవర్. ఆ మెత్తదనం గట్టి ఎముకల కింద అణిగి, ఖాళీగా ఉండాల్సిన మధ్యభాగంలోకి ఉబుకుతుంది. వద్దనుకున్న చోటే ఒత్తిడి పెరుగుతుంది.

ముందుభాగం రెండు పాయలుగా చీలిన సీట్లు ఉంటాయి. ఐఎస్ఎమ్ లాంటి కంపెనీలు చేసేవి ఇవే. వీటిమీద వెనక్కి నిండుగా కూర్చోకూడదు, కొసన కూర్చోవాలి. కటి ముందు ఎముకలు చెరో పాయ మీదా ఆనుతాయి, మధ్యది గాలిలో ఉంటుంది. వెడల్పే తంటా. తెలిసినవాళ్ల దగ్గర అరువు తెచ్చి చూసినవాటిలో వెడల్పైనది లోపలితొడలు కోసింది. సన్నది సరిపోయింది. ఇది ఎవరి ఒళ్లు వారు చూసుకోవాల్సిందే, ఒకరికి నప్పిన సీటు ఇంకొకరికి శిక్ష. వీలైతే కొనకముందే ఒక్క వారమైనా అరువు తెచ్చుకోండి.

తర్వాత వాలు. ముక్కు కాస్త పైకి లేచినా కటి వెనక్కి దొర్లుతుంది, వీపు గూనిపడుతుంది. మరీ కిందికి దించితే ముందుకు జారతాం, జారకుండా ఆపే పని భుజాల మీద పడుతుంది. ఫోన్లో లెవెల్ ఆప్ పెట్టి చూస్తే నాకు కుదిరింది ఒకటి, రెండు డిగ్రీల కిందివాలు. తొక్కుతూ మాటిమాటికీ వెనక్కి జరుగుతున్నారంటే వాలు ఎక్కువైనట్టు.

ముందూ వెనకా కొలవడానికి దారానికి ఓ నట్టు కట్టి సీటు ముక్కు నుంచి వేలాడదీశాను. పెడళ్ల ఇరుసుకి సెంటీమీటరు వెనకగా పడింది. రోడ్ రేసులు తెలిసిన మిత్రుడొకరు అది చూసి "ఇది రూల్‌కి విరుద్ధం కదండీ" అన్నారు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ఏళ్ల తరబడి పట్టుకు కూర్చున్న నియమం, అంటే సీటు ముక్కు ఇరుసుకి కనీసం 5 సెంటీమీటర్లు వెనక ఉండాలన్నది, ఆయన మనసులో ఉంది. ఐరన్‌మ్యాన్ తరహా పోటీలకు ఆ నియమంతో పనిలేదు. పైగా ఈ సీట్ల ముక్కు కత్తిరించినట్టు పొట్టిగా ఉంటుంది కాబట్టి మామూలు సీటు కొలతతో పోల్చలేం.

ఎత్తు దగ్గర పెద్దగా ఆగలేదు. కాలి లోపలి పొడవు 73 సెంటీమీటర్లు, దాన్ని 0.883తో హెచ్చిస్తే 64.5. ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా అదీ తొలి కొలత. తర్వాత ట్రైనర్ (సైకిల్ని ఒకచోట నిలబెట్టి తొక్కే స్టాండు) మీద తొక్కుతుంటే మా తమ్ముడు పక్కనుంచి వీడియో తీశాడు. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలి వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలంటారు. అది కాలు ఆపి కొలిచే లెక్క, తొక్కుతూ తీసిన వీడియోలో కొంచెం ఎక్కువే కనిపిస్తుంది, కంగారు పడనక్కర్లేదు. ఒకటి గుర్తుంచుకోవాలి. సీటు ముందుకు జరిగిన కొద్దీ పెడల్‌కి దగ్గరవుతుంది, కాబట్టి జరిపిన ప్రతి సెంటీమీటరుకీ సుమారు 3 మిల్లీమీటర్లు పైకెత్తాలి. ఎప్పుడూ ఒకేసారి ఒక్క కొలతే మార్చేదాన్ని.

వీడియోలో తమ్ముడు పట్టుకున్నది వేరే. "అక్కా, పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ నీ నడుం పక్కకి తప్పుకుంటోంది చూడు" అన్నాడు. నిజమే. మోకాలు పైకి వచ్చేచోట తుంటి దగ్గర చోటు చాలక ఒళ్లే అడ్డం తప్పుకుంటోంది. సీటు ఇంకా ముందుకు జరిపే వీల్లేదు, పట్టాల కొసకి వచ్చేసింది. అప్పుడు చూస్తే క్రాంకులు, అంటే పెడళ్లను ఇరుసుకి కలిపే కడ్డీలు, 170 మిల్లీమీటర్లవి. నా కాళ్లకు ఎక్కువ.

160వి తెప్పించాను. తెప్పించడమే పెద్ద పని, మన షాపుల్లో 165 కంటే పొట్టివి ఎప్పుడో గాని ఉండవు. "తిప్పే కడ్డీ పొట్టిదైతే బలం తగ్గదా?" అని అందరూ అడిగారు. అమెరికాలో జిమ్ మార్టిన్ 2001లో ప్రచురించిన పరిశోధనలో 120 నుంచి 220 మిల్లీమీటర్ల దాకా క్రాంకులు మార్చి తొక్కించి చూస్తే, గరిష్ఠ శక్తిలో వచ్చిన తేడా 4 శాతమే. అలాంటప్పుడు 10 మిల్లీమీటర్లకి భయపడటం దేనికి? నాకు జరిగిందల్లా, గేరు ఒకటి తేలిక చేసి కాళ్లు కాస్త వడిగా తిప్పడం. లాభం మాత్రం రెండింతలు. పెడల్ అడుగున సెంటీమీటరు పైకొచ్చింది కాబట్టి సీటు సెంటీమీటరు ఎత్తాను. పెడల్ పైన సెంటీమీటరు కిందికే ఆగుతుంది. మొత్తం కలిసి మోకాలు తుంటికి రెండు సెంటీమీటర్లు దూరమైంది. నడుం ఊగడం ఆగింది. ఈ ఎత్తున్న ఆడవాళ్లు ఇంకేం మార్చకపోయినా క్రాంకులు మాత్రం చూసుకోమని గట్టిగా చెబుతాను.

అప్పుడు చేతులు. సీటు ఎత్తినంతా ముంజేతులు ఆనించే ప్యాడ్‌ల కింద కూడా స్పేసర్ వేశాను, లేకపోతే తెలియకుండానే ఇంకా వంగిపోతాం. ప్యాడ్ మణికట్టు వైపు కాదు, మోచేతికి కాస్త ముందు ఆనాలి. దండచెయ్యికీ మొండేనికీ మధ్య దాదాపు లంబకోణం ఉంటే బరువు ఎముకల మీద నిలుస్తుంది, కండరాల మీద పడదు. ట్రైనర్ మీద ఒక పరీక్ష: ముందు కడ్డీలు వదిలేసి ముంజేతులు మాత్రమే ఆనించి తొక్కాలి. భుజాలు బిగుసుకోకుండా, ముందుకు జారకుండా ఉండగలిగితే వెనక సరిగ్గా ఉన్నట్టే. కడ్డీల కొసలు కొంచెం పైకి తిప్పాక పట్టు కూడా తేలికైంది.

ఇంత అయ్యాక బెంగళూరులో బైక్ ఫిట్ చేసే ఒకాయన దగ్గరికి వెళ్లాను. కీళ్ల మీద గుర్తులు అంటించి కెమెరాలతో కొలుస్తారు. ఆయనకు తెలుగు వచ్చు, సీమ యాస. వెనక కొలతలు ముట్టుకోలేదు. ముందువైపు చూసి అడిగారు: "ఇంత కింద ఎంతసేపు ఉంటారు మేడమ్?"

"ఉండగలిగినంత సేపు."

"ఉండలేనప్పుడు లేస్తారు గదా. ఆ లేచి తొక్కే టైములో పోయేది, ఈ వంగి మిగిల్చేదాని కన్నా ఎక్కువ."

ప్యాడ్‌లు రెండు సెంటీమీటర్లు ఎత్తారు, కాస్త ఎడం చేశారు. అదే గుండె వేగానికి తొక్కే శక్తిని కొలిచే పవర్ మీటర్లో వాట్సు పెరిగాయి, ఊపిరి కూడా సాఫీగా అందింది. ఫొటోలో అంత అందంగా లేను, అది వేరే సంగతి.

ట్రైనర్ మీద కుదిరింది రోడ్డు మీద అంతా కుదరదు. రుషికొండ దాటాక మంగమారిపేట వైపు ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. కొండ అడ్డు తప్పినచోట గాలి పక్కనుంచి ఒక్కసారి తోస్తుంది. బరువు ముందు చక్రం మీద ఎక్కువ ఉండటంతో హ్యాండిల్ ఉలిక్కిపడుతుంది. ప్యాడ్‌ల మధ్య ఎడం ఇక్కడా అక్కరకొచ్చింది. బ్రేకులు ముంజేతుల దగ్గర ఉండవు, పక్క హ్యాండిల్‌కి ఉంటాయి. కాబట్టి స్పీడ్ బ్రేకర్లు, కుక్కలు, ఎదురొచ్చే ఆటోలు ఉన్నచోట లేచి పట్టుకోవాల్సిందే. ఊళ్లో ఉన్నంత సేపూ నేను ఏరోబార్ల మీదికి దిగను. ఎర్రమట్టి దిబ్బల వైపు ఖాళీ రోడ్డు దొరికాకే.

మెడనొప్పి ఇంకో కొత్త చుట్టం. సగం కళ్లద్దాల వల్లే. వంగి పైకి చూస్తే ఫ్రేము అంచు సరిగ్గా రోడ్డుకి అడ్డం వస్తుంది, దాంతో తల ఇంకా ఎత్తుతాం. పై అంచు లేని అద్దాలకి మారాను. తలని భుజాల మధ్యకి దింపి కళ్లు మాత్రం పైకెత్తడం కొంత సాధన. నీళ్ల సీసా రెండు చేతుల మధ్య కట్టుకున్నాక తాగడానికి లేవాల్సిన పనీ తప్పింది. విశాఖ ఉక్కపోతలో తాగడం మానితే కూర్చున్న తీరు ఎంత బావున్నా లాభం లేదు.

అసలు పరీక్ష దిగాకే. ప్రతి మార్పు తర్వాత సైకిల్ గోడకి ఆనించి బూట్లు మార్చుకుని బీచ్ రోడ్డు మీద కాసేపు పరిగెత్తేదాన్ని. తుంటి ముందుభాగం పట్టేసి అడుగు పొట్టిగా పడుతోందా, నడుం నిటారవడానికి ఎంతసేపు పడుతోంది, అంతే చూసేది. పాత క్రాంకులతో మొదటి కిలోమీటరు ఒంగి నడిచినట్టే ఉండేది. ఇప్పుడు దిగిన వెంటనే అడుగు పూర్తిగా సాగుతోంది. సైకిల్ మీద ఎంత మిగిల్చానన్నదాని కంటే ఇదే నాకు ముఖ్యం.

గోవాకి సైకిల్ విప్పి పెట్టెలో పెట్టాలి కాబట్టి కొలతలన్నీ రాసి పెట్టుకున్నాను: ఇరుసు నుంచి సీటు పైకి 65.5, సీటు ముక్కు ఇరుసుకి ఎంత వెనక, ముక్కు నుంచి ప్యాడ్ వెనక అంచుకి ఎంత, ప్యాడ్ సీటుకి ఎంత కింద, రెండు ప్యాడ్‌ల మధ్య ఎంత. సీటు కడ్డీకి లోపలికి వెళ్లేచోట టేపు చుట్టాను. కార్బన్ కాబట్టి చేతి అంచనాతో బిగించను, మీద రాసి ఉన్న 5 న్యూటన్ మీటర్లకే టార్క్ రెంచ్ పెడతాను. ప్యాడ్‌లు మళ్లీ కొంచెం దగ్గర చేసి చూడాలని ఉంది. అది పోటీ అయ్యాక.